లవంగం పాఠంలో మిగిలిన సగం

పోయిన నెలలో దవడ పన్ను పుచ్చిందని హనుమకొండలో ఒక పళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళాను. మా చిన్నకోడలి వయసున్న అమ్మాయి. పుచ్చిన భాగమంతా తీసేసి, గాజుపలక మీద తెల్లటి పొడిలో రెండు చుక్కల నూనె వేసి నూరుతోంది. ఆ వాసన తగలగానే నేను కుర్చీ చేతులు గట్టిగా పట్టుకున్నాను. "ఇంకా ఏమీ చేయలేదు కదా ఆంటీ, అప్పుడే నొప్పా?" అని నవ్వింది. నొప్పి కాదు, లవంగనూనె. బిర్యానీలోనో పాన్‌లోనో వచ్చే లవంగం వాసన నన్నేమీ చేయదు. కానీ దూదికి అంటిన లవంగనూనె వాసన మూసిన గదిలో వచ్చిందంటే, ఇన్నేళ్ళ తర్వాత కూడా నా అరచేతులకు చెమట పడుతుంది. ఇద్దరు గుర్తుకొస్తారు. ఒకరు మా బాపు, ఇంకొకరు రూతమ్మ టీచర్. బాపు గురించి మా ఇంట్లో అందరికీ తెలుసు. రూతమ్మ టీచర్‌ను ఎరిగినవాళ్ళే ఇప్పుడు పెద్దగా మిగలలేదు.

డెబ్భై ఏడులో, నాకు ఇరవై రెండేళ్ళప్పుడు, కాజీపేటలో ఒక ఆడపిల్లల హైస్కూల్లో టీచరు ఉద్యోగం దొరికింది. అమ్మ నేను ఇంటర్ చదువుతుండగానే పోయింది. రైల్వే క్వార్టర్లో బాపు, నేను ఇద్దరమే. బాపు పేరు మల్లయ్య, లోకోషెడ్డులో షంటింగ్ డ్రైవరు. నాకు చదువైతే ఉంది గాని నలుగురి ముందు నిలబడితే మాట తోచేది కాదు. మొదటివారం ఎనిమిదో తరగతి పిల్లలు నా తడబాటు చూసి ఒకరినొకరు గిల్లుకున్నారు. అది హెడ్మిస్ట్రెస్ కంట పడింది. "కొన్నాళ్ళు రూతమ్మ గారి క్లాసులో వెనక బెంచీలో కూర్చుని చూడు" అని పంపించింది. అలా నేను, ఉద్యోగం చేస్తూనే, మళ్ళీ ఒకరికి విద్యార్థినినయ్యాను.

రూతమ్మ టీచర్‌కు అప్పటికి యాభై దాటాయి. డోర్నకల్‌లో పుట్టింది. భర్త గూడ్సు గార్డుగా పనిచేసి ఎప్పుడో పోయాడు. పిల్లలు లేరు. నల్ల అంచు తెల్లచీర, మగవాళ్ళు కట్టుకునేంత పెద్ద గడియారం, ఎంత అల్లరిలోనైనా పెంచని గొంతు. ఆమె క్లాసులో నన్ను మొదట ఆశ్చర్యపరిచింది ఆమెకు తెలిసినవి కావు. "నాకు తెల్వదు" అని పిల్లల ముందు మామూలుగా, నీళ్ళు తాగినంత తేలిగ్గా అనడం. నేనైతే తెలియని ప్రశ్న వస్తుందేమోనని పొద్దున లేచింది మొదలు పుస్తకం ముందేసుకుని కూర్చునేదాన్ని.

ఆ వానాకాలంలోనే లవంగం పాఠం. మొక్కల భాగాల గురించి చెబుతూ ఒక్కో పిల్ల అరచేతిలో ఒక్కో లవంగం పెట్టింది. "ఇది ఏంది? కాయనా, గింజనా, బెరడా?" అని అడిగింది. ఒకరు గింజ అన్నారు, ఒకరు కాయ అన్నారు. మొదటి బెంచీలోని పర్వీన్ లేచి "లౌంగ్ టీచర్. మా అమ్మీ ముక్కుపుడకను గూడ లౌంగే అంటది" అంది. అందరూ నవ్వారు. "మంచిగ చూసింది మీ అమ్మీ," అంది రూతమ్మ టీచర్. "గా పైన గుండును చూడుండ్రి. అది ఇచ్చుకోని పువ్వు. చెట్టు మీద మొగ్గ ఎర్రబడంగనే తెంపి ఎండబెడ్తరు. మనం కూరల ఏసుకునేది పువ్వు కాకముందే ఆగిపోయిన మొగ్గ." గ్లాసులో నీళ్ళు పోసి అందులో రెండు లవంగాలు వేసింది. ఒకటి నిటారుగా నిలబడింది, ఇంకొకటి అడ్డంగా పడి తేలింది. "నిలబడ్డది అసలుది. తేలింది నూనె పిండేసి అమ్మింది. దుకాణంల మోసపోవద్దంటే ఇంత ఎరుక జాలు."

తర్వాత దాని చరిత్ర చెప్పింది. ఒకప్పుడు ప్రపంచం మొత్తంలో ఈ చెట్టు తూర్పు సముద్రంలోని నాలుగైదు చిన్న దీవుల్లోనే ఉండేదని, చీనాలో రాజు ముందు మాట్లాడేవాళ్ళు నోటి వాసన రాకుండా లవంగం బుగ్గన పెట్టుకోవాల్సి వచ్చేదని, డచ్చివాళ్ళు వచ్చి ధర పడిపోకూడదని తమ దీవిలో తప్ప మిగతా చోట్ల చెట్లన్నీ నరికి తగలబెట్టారని, చివరికి ఎవరో మొక్కల్ని దొంగతనంగా దాటించి వేరే దేశాల్లో నాటారని చెప్పింది. "మన కాకతీయ రాజులు గూడ తిన్నరా టీచర్?" అని ఒక పిల్ల అడిగింది. నేనైతే తిన్నారనే చెప్పేసేదాన్ని. ఆమె అలా చెప్పలేదు. "మోటుపల్లి అని సముద్రం ఒడ్డున రేవు ఉండె. గణపతిదేవుడు ఓడ వర్తకులకు అభయం ఇచ్చి అక్కడ శాసనం ఏయించిండు. ఏ సరుకుకు ఎంత సుంకమో దాంట్ల ఉన్నది. మిరియాలు, కర్పూరం ఉన్నయని చదివిన. లవంగం ఉన్నదో లేదో నాకు తెల్వదు. తెల్వంది చెప్ప." చివర్లో గుణాలు. దగ్గుకు బుగ్గన ఒక మొగ్గ, కడుపుబ్బరానికి కషాయంలో రెండు, పన్ను నొప్పికి దూది మీద ఒక చుక్క నూనె. "నమిలి చూడుండ్రి. నాలుక మొద్దుబారుతది. అదే దాని గుణం." పిల్లలంతా నమిలి, కళ్ళలో నీళ్ళు తెచ్చుకుని, నాలుకలు బయటపెట్టి చూసుకున్నారు. నేను అదంతా నోటుపుస్తకంలో రాసుకున్నాను.

సంక్రాంతి దాటాక బాపుకు కింది దవడ పన్ను నొప్పి మొదలైంది. దవాఖానకు పోదామన్నాను. "పోతె పన్ను పీకుతరు. పీకితే కండ్ల నరం గుంజుకపోతది. ఎంకటయ్య సంగతి యాదిలేదా?" అన్నాడు. వెంకటయ్య బాపుతో పాటు పనిచేసిన డ్రైవరు. పన్ను పీకించుకున్న ఏడాదికి కంటి పరీక్షలో తప్పితే ఇంజను దింపేసి షెడ్డులో కూర్చోబెట్టారు. ఆయనకు చూపు తగ్గింది వయసు వల్లేనని ఎవరు చెప్పినా షెడ్డులో నమ్మేవాళ్ళు లేరు. బాపుకు ఆ మార్చిలోనే కంటి పరీక్ష ఉంది. ఇంజను దిగితే ఆయన ఏమవుతాడో నాకూ తెలుసు. అమ్మ పోయాక ఆయన్ను నిలబెట్టింది ఆ ఇంజనే.

మర్నాడు స్టాఫ్‌రూంలో రూతమ్మ టీచర్‌ను అడిగాను. "మా బాపుకు పన్ను నొప్పి టీచర్. లవంగనూనె పెట్టనా?" ఆమె పేపర్లు దిద్దుతోంది. "పెట్టు బిడ్డా. ఒక్క చుక్క, దూదికి. చిగురుకు తగలనియ్యకు, కాలుతది" అంది. సాయంత్రం చౌరస్తాలో చిన్న సీసా కొన్నాను. పెట్టిన అయిదు నిమిషాలకు బాపు కళ్ళు మూసుకుని "హమ్మయ్య" అన్నాడు. నాకు ఎంత గర్వమనిపించిందో చెప్పలేను. చదివిన చదువు మొదటిసారి ఇంట్లో ఒకరికి పనికొచ్చింది.

కానీ ఆ హాయి మొదటిరోజు మూడు గంటలు నిలిస్తే, రెండోరోజు గంట, మూడోరోజు అరగంట. బాపు నా చేతుల్లోంచి సీసా తీసుకుని తనే పోసుకోవడం మొదలుపెట్టాడు. లోపలి చిగురు ఉడికిన గుడ్డులా తెల్లబడింది. ఇల్లంతా అదే వాసన, అన్నంలో కూడా. మూడోరోజు రూతమ్మ టీచర్ తనంతట తనే అడిగింది. "మీ బాపుకు ఎట్లున్నది?" అంతకు ముందు రాత్రే బాపు నాతో గట్టిగా చెప్పాడు. "టీచరమ్మకు తగ్గిందని చెప్పు. వాళ్ళ చర్చిల అంత రైల్వోళ్ళే. ఒకల చెవిన పడితే సిక్ లిస్టుల రాస్తరు, దవాఖానకు తోలుతరు." నేను ఆమె ముఖంలోకి చూడకుండా "తగ్గింది టీచర్" అన్నాను. "మంచిది" అని ఆమె మళ్ళీ పేపర్ల మీదికి వంగింది. ఆ రెండు మాటలకు పట్టిన సమయం ఎంత తక్కువో, ఆ అబద్ధం ఎన్నేళ్ళు నా వెంట సాగిందో.

ఆరోరోజు జ్వరం. ఏడోరోజు పొద్దున బాపు లేచి "నొప్పి పోయింది" అన్నాడు. నిజంగానే పోయింది. సీసా అవసరమే లేకపోయింది. మేమిద్దరం ఉప్మా చేసుకుని తిన్నాం, బాపు నవ్వాడు కూడా. లోపల పన్ను ప్రాణం పోయిందని, ఏడ్చే నరమే చచ్చిపోయాక నొప్పి ఎక్కడినుంచి వస్తుందని మాకు తెలియదు. ఎనిమిదోరోజు గడ్డం కింద వాపు వచ్చింది. తొమ్మిదోరోజు పొద్దున బాపు మాట మారింది. వేడి ముద్ద నోట్లో పెట్టుకుని మాట్లాడుతున్నట్టుంది. ఉమ్మి మింగలేక తువ్వాలలో వదులుతున్నాడు. పడుకోలేక మంచం పట్టె మీద ముందుకు వంగి కూర్చున్నాడు. ఉండిపోతానంటే చేత్తో పొమ్మని సైగ చేశాడు. నేను పోయాను. బడిలో పరీక్షలున్నాయని పోయాను. ఇప్పటికీ అది తలచుకుంటే, ఆ తలుపు దగ్గరగా వేసి వచ్చిన మనిషి నేనేనా అనిపిస్తుంది.

ప్రశ్నపత్రాలు పంచుతుంటే అవి చేతిలోంచి జారి కిందపడ్డాయి. తలుపు ముందు నుంచి పోతున్న రూతమ్మ టీచర్ ఆగింది. "ఏమైంది సుగుణా, ముఖం గట్లెందుకున్నది?" అంది. అబద్ధం చెప్పే ఓపిక నాలో మిగలలేదు. "బాపు నీళ్ళు మింగుతలేడు టీచర్."

"నోరు తెరుస్తాండా?"

"ఒక్క వేలు గూడ పడ్తలేదు."

ఆమె పక్క గది టీచర్‌కు నా క్లాసు అప్పగించి, చెప్పులు కూడా సరిగా తొడుక్కోకుండా బయల్దేరింది. రోడ్డు మీద ఆమె పరుగెత్తడం నేను చూసింది ఆ ఒక్కసారే.

బాపు అలాగే వంగి కూర్చుని ఉన్నాడు. ముఖం బూడిద రంగులో ఉంది. ఆమె గడ్డం కింద చెయ్యి పెట్టి చూసి, వెంటనే తీసేసింది. నేనూ ముట్టుకున్నాను. మెత్తగా ఉండాల్సిన చోటు చెక్కలా ఉంది. "అన్నా, లే. పోదాం" అంది. బాపు తల అడ్డంగా ఊపి, రెండు వేళ్ళతో తన కళ్ళు చూపించాడు. ఆమె ఆయన ఎదురుగా నేల మీద కూర్చుంది. "అన్నా, నాకు వైద్యం తెల్వదు. మింగరాని మనిషికి రేపు ఊపిరి రాదు, గంత మాత్రం తెలుసు. కండ్లు పోతయని నీకెవరు చెప్పిండ్రో వాళ్ళు ఇయ్యాల వచ్చి నీ పక్కన కూసున్నరా? నా లవంగం మాట విన్నవు గద. ఇది గూడ నా మాటనే." బాపు లేవడానికి నా భుజం మీద చెయ్యి వేశాడు. ఆ చెయ్యి కాలిపోతోంది.

రిక్షా మీద వరంగల్ దాకా అంటే గంటకు పైనే. స్టేషన్లో వరంగల్ వైపు పోయే ప్యాసింజరు నిలబడి ఉంది. ఎక్కేశాం. బెంచీ మీద పడుకోబెట్టబోతే ఆమె వద్దంది. "కూసోనీ. పడుకుంటే నాలుక ఎనుకకు పోతది." వరంగల్ ఇంకాస్త దూరం ఉందనగా బండి ఆగిపోయింది. అయిదు నిమిషాలైంది, పది నిమిషాలైంది. కిటికీలోంచి చూస్తే రెక్క దించని సిగ్నలు, అది దిగితే గాని బండి కదలదు. బాపు ఊపిరి తీసినప్పుడల్లా గొంతులో సన్నగా ఈల మోగుతోంది. నేను ఒక్కో ఈలనూ లెక్కపెడుతూ, తర్వాతిది ఎప్పుడొస్తుందా అని చూస్తూ కూర్చున్నాను. ఎదుటి సీటులోని ముసలాయన భయపడి లేచి వేరే చోటికి పోయాడు. బాపు మాత్రం కళ్ళు సిగ్నలు మీదే పెట్టి, నా మోకాలి మీద వేలితో మెల్లగా తట్టాడు. ఫికర్ చేయకు, ముందర గూడ్సు దాటుతోంది, అని చెబుతున్నాడని నాకు అర్థమైంది. రూతమ్మ టీచర్ పెదవులు కదులుతున్నాయి. ప్రార్థన అనుకుంటాను. రెక్క దిగింది.

పెద్ద దవాఖానలో డాక్టరు చూడగానే నర్సును పిలిచి ఏవేవో సిద్ధం చేయమన్నాడు. "ఎన్ని రోజుల నుంచి?" అని అడిగాడు. రూతమ్మ టీచర్ నా వైపు తిరిగింది. "తొమ్మిది" అన్నాను. "తొమ్మిది రోజులు ఏం చేశారు?" "లవంగనూనె పెట్టినం." ఆయన కోప్పడలేదు. "అది నొప్పిని ఆపుతుందమ్మా, చీమును ఆపదు. వాపు గొంతులోకి దిగింది. గడ్డం కింద కోసి తీయాలి. ఊపిరి అందకపోతే మెడకు రంధ్రం పెట్టాల్సి వస్తుంది. సంతకం పెట్టండి." నా పేరు నేను రెండుసార్లు తప్పు రాశాను.

వరండాలో బల్ల మీద కూర్చున్నాం. తలుపు మూసి ఉంది. ఆమె ఆ తలుపు వైపే చూస్తూ అడిగింది. "మూడోనాడు తగ్గిందన్నవు గద."

"అవును టీచర్."

"తగ్గలేదు."

"తగ్గలేదు."

తిడుతుందని ఎదురుచూశాను. తిడితే బాగుండునని కూడా అనుకున్నాను. ఆమె గడియారానికి కీ ఇస్తూ అంది. "నేను అడిగిన తీరు గూడ మంచిగలేదు. పేపర్ల మీద కండ్లు పెట్టి అడిగిన. నీ ముఖం చూస్తే తెలుస్తుండె. క్లాసుల లవంగం గొప్పలన్నీ చెప్పిన, దాని హద్దు చెప్పలే." నాకు ఏడుపొచ్చింది. నా తప్పును ఆమె అలా సగం ఎత్తుకుంటుంటే నాకు ఊరట కలగలేదు, మరింత భయం వేసింది. లోపల బాపుకు ఏమైనా అయితే ఆ సగం ఆమె కూడా జీవితమంతా మోస్తుంది.

బాపు బతికాడు. మెడకు రంధ్రం పెట్టే అవసరం రాలేదు. ఇంకొక పూట ఆగితే ఏమయ్యేదో డాక్టరు చెప్పాడు, అది ఇక్కడ రాయను. పన్ను తీసేశారు. గడ్డం కింద రెండంగుళాల మచ్చ మిగిలింది. కంటి పరీక్ష రెండు నెలలు వాయిదా పడింది. ఆ రెండు నెలలూ బాపు రోజూ వాకిట్లో నిలబడి దూరంగా ఉన్న నీళ్ళట్యాంకు మీది అక్షరాలు చదువుకుంటుంటే, నేను వంటింట్లోంచి పని ఆపి వినేదాన్ని. పరీక్ష గెలిచిన రోజు ఇంటికి రాకుండా తిన్నగా బడికే వచ్చి, గేటు దగ్గర నిలబడి రూతమ్మ టీచర్‌ను పిలిపించాడు. "కండ్లు ఉన్నయ్ టీచరమ్మా" అన్నాడు. "ఉంటయ్ అన్నా" అంది ఆమె. అంతే మాట్లాడుకున్నారు.

అయితే నన్ను మార్చింది అదేదీ కాదు. బాపు దవాఖానలో ఉండగానే, మూడో నాలుగో రోజున, నేను బట్టల కోసం కాజీపేట వచ్చి బడికి సెలవు చీటీ ఇవ్వడానికి పోయాను. ఆమె క్లాసు నడుస్తోంది. తలుపు బయటే ఆగిపోయాను. "వానకాలంల మీకు లవంగం గురించి చెప్పిన. సగమే చెప్పిన," అంటోంది పిల్లలతో. "నొప్పి తగ్గుడు వేరు, రోగం తగ్గుడు వేరు. లవంగం మొదటిది చేస్తది, రెండోది చెయ్యదు. రెండు దినాలకు తగ్గకపోతే దవాఖానకు పోవాలె. వాపు వచ్చినా, జ్వరం వచ్చినా పోవాలె. నొప్పి ఉట్టిగనే మాయమైనా పోవాలె. ఇది అప్పుడు చెప్పలే. అది నా తప్పు. రాసుకోండ్రి." నలభై మంది పిల్లలు తలలు వంచి రాస్తున్నారు. ఒక పిల్ల మాత్రం రాయకుండా లేచి నిలబడింది. "టీచర్, మా తాతకు పదిదినాల సంది పెడ్తున్నం." "ఇల్లెక్కడ బిడ్డా? బడి ఇడిసినంక నేనొస్త" అంది రూతమ్మ టీచర్. పోయింది కూడా. ఆ ముసలాయనకు ఏమీ కాలేదు, రెండు పళ్ళు పోయాయి. నా పేరుగాని, మా బాపు పేరుగాని ఆమె ఎవరి దగ్గరా ఎత్తలేదు.

ఎనభై నాలుగులో ఆమె రిటైరై డోర్నకల్ వెళ్ళిపోయింది. వెళ్ళే ముందురోజు ఇద్దరం స్టాఫ్‌రూంలో ఉన్నాం. ఆరేళ్ళుగా అడగాలనుకున్నది అడిగాను. "ఆ దినం పిల్లల ముందు నా తప్పు అని చెప్పినప్పుడు మీకు భయం కాలేదా టీచర్?"

"ఎందుకు గాదు? మళ్ళ నా మాట ఎవరన్న నమ్ముతరా అనుకున్న."

"మరి ఆగి, జర ధైర్యం వచ్చినంక చెప్పొచ్చు గదా?"

"అట్ల ఆగుతనే ఉంటే గా పిల్లలు పదో తరగతి దాటి పోతరు బిడ్డా. మళ్ళ వాళ్ళను యాడ దొరకబట్టాలె?" పుస్తకాలు సంచిలో సర్దుకుంటూ, "నేను నా సగమే చెప్పిన. నీ సగం నీ దగ్గరనే ఉన్నది" అంది. అందులో నిష్ఠూరం లేదు. ఇంటికి పోతూ గొడుగు తీసుకొమ్మని గుర్తుచేసినట్టు అంది.

ఆ ఏడాదే వానాకాలంలో ఎనిమిదో తరగతిలో నేను లవంగం పాఠం చెప్పాను. చరిత్ర చెప్పాను, గుణాలు చెప్పాను, హద్దూ చెప్పాను. గంట కొట్టడానికి కొద్ది నిమిషాలుందనగా, మా బాపుకు నొప్పి తగ్గలేదని తెలిసి కూడా తగ్గిందని ఒక మంచి మనిషికి చెప్పాననీ, దానివల్ల ఆయన చావుదాకా పోయాడనీ చెప్పాను. ఒక్క పిల్ల కూడా నవ్వలేదు. తర్వాత ముప్పై ఏళ్ళ దాకా, నేను రిటైరయ్యేదాకా, ప్రతి బ్యాచికీ చెప్పాను. అలవాటైతే తేలికవుతుందనుకున్నాను. కాలేదు. చెప్పాల్సిన రోజు పొద్దున అన్నం సయించేది కాదు, ఈసారికి మానేద్దామా అని తలుపు దాకా అనుకునేదాన్ని. తలుపు తీస్తే, ఆ ఏడాది దాటితే మళ్ళీ నాకు దొరకని నలభై ముఖాలు లేచి నిలబడి "నమస్తే టీచర్" అనేవి. కూర్చోమని, చెప్పడం మొదలుపెట్టేదాన్ని.